బ్లూ స్క్రీన్ వస్తే ఫార్మాట్ కొట్టియ్యకుండ్రి, ముందు వైఫై డ్రైవర్ చూడుండ్రి

నల్లగొండల బ్లూ స్క్రీన్ వచ్చిన లాప్‌టాప్ రిపేర్‌కి ఇస్తే మస్తు సార్లు వినవడే మాట "ఓఎస్ కరాబైంది, ఫార్మాట్ కొట్టాలె". మా పక్కింటి పిల్ల బీటెక్ ఆఖరి ఏడాది, ప్రాజెక్ట్ అంతా అండ్లనే ఉన్నది, వైఫై కలిపిన కాసేపటికే బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అయితున్నది, ఆమెకు గూడ ఇదే మాట చెప్పిండ్రు. జర ఆగు బిడ్డా అన్న.

నెట్ కలిపినంకనే పడిపోతుందంటే నాకు మొదటి అనుమానం నెట్‌వర్క్ డ్రైవర్ మీదనే, అంటే వైఫై కార్డును విండోస్‌తోని కలిపి నడిపిచ్చే సాఫ్ట్‌వేర్ మీద. బ్రౌజర్ ఆగిపోతే బ్రౌజర్ ఒక్కటే మూతపడతది, కానీ డ్రైవర్ విండోస్‌కు గుండెకాయ అసోంటి కెర్నల్ లోపల పనిచేస్తది, తాను ముట్టగూడని మెమరీ ముట్టిందంటే డేటా ఖరాబు గావద్దని విండోసే సిస్టమ్ మొత్తం ఆపేస్తది. స్క్రీన్ మీద "డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్" అని, కింద డాట్ సిస్‌తోని ముగిసే ఫైల్ పేరు వస్తది చూడుండ్రి, అది ఫోన్ల ఫొటో తీసుకోవాలె. ఎన్‌డిస్ డాట్ సిస్ అని వస్తే మాత్రం దాన్ని డిలీట్ చెయ్యకుండ్రి, అది విండోస్ సొంత ఫైలు, తప్పు ఎక్కువసార్లు దాని కింద నడిచే కార్డు డ్రైవర్‌ది, ఒక్కోసారి వీపీఎన్‌ది, యాంటీవైరస్‌ది గూడ అయితది. రోజుకో ఫైల్ పేరు వస్తుంటే అప్పుడు ర్యామ్ చెక్ చెయ్యాలె.

షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ కొడితే ట్రబుల్‌షూట్, అండ్ల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ వస్తయి, అక్కడ రీస్టార్ట్ కొట్టినంక 4 కొడితే నెట్ లేని సేఫ్ మోడ్ (తప్పనిసరి డ్రైవర్లతోనే విండోస్ నడిచే పద్ధతి), 5 కొడితే నెట్ ఉన్నది. నాలుగుల నిమ్మలంగ నడిచి అయిదుల పడిపోతే దొంగ దొరికినట్టే. నాలుగుల ఉన్నప్పుడే ముందుగాల ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకోండ్రి, మిగిలిన పని తర్వాత.

డివైస్ మేనేజర్‌ల నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిచి రోల్ బ్యాక్ డ్రైవర్ కొడితే పాత డ్రైవర్ వస్తది. ఆ బటన్ పనిచెయ్యకుంటే అన్‌ఇన్‌స్టాల్, డ్రైవర్‌ను గూడ తీసెయ్యమనే టిక్ పెట్టి మరీ. ఇగ లాప్‌టాప్ కంపెనీ సైట్‌ల మీ మోడల్‌కు ఉన్న డ్రైవర్ ఫోన్లకు దించి కేబుల్‌తోని ఎక్కించుకోవాలె, ఏదో డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్ అని కనవడ్డదల్లా నమ్మకుండ్రి. అయిపోయినంక విండోస్ అప్‌డేట్ కొన్ని రోజులు పాజ్‌ల పెట్టుండ్రి, లేకుంటే తీసేసిన డ్రైవరే మళ్ల వచ్చి కూసుంటది.