బ్రెట్జెల్ అమ్మేవాడూ, మన కేతిగాడూ

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్ కేథడ్రల్‌కి పిల్లల్ని తీసుకెళ్తే, అందరూ ఎగబడే ఖగోళ గడియారం దగ్గరే ఆగిపోకండి. ఉత్తరం వైపు గోడకు, బాగా ఎత్తులో వేలాడుతున్న ఆర్గన్ అనే సంగీత వాయిద్యాన్ని చూపించండి. లోపలి వాయిద్యం 1981లో చేసిందే అయినా, రంగులద్దిన ఆ చెక్క గూడు చాలావరకు 1489 నాటిది.

దాని అడుగున బైబిల్ వీరుడు సమ్సోను సింహం నోరు చీలుస్తూ ఉంటాడు. ఒక పక్కన బాకా పట్టుకున్న చాటింపువాడు, ఇంకో పక్కన బారు గడ్డంతో బ్రెట్జెల్ రొట్టెలు అమ్మేవాడు. ఇవి కదిలే బొమ్మలు. సింహం నోరు తెరిచేది, బాకా పైకి లేచేది, గడ్డపాయన తల తిప్పుతూ నోరు ఆడించేవాడు. ఆయన్నే ఇక్కడ రోరాఫ్ అంటారు.

అప్పట్లో పెంతెకొస్తు అనే క్రైస్తవుల పండక్కి చుట్టుపక్కల పల్లెల వాళ్ళు పాటలు పాడుకుంటూ గుడికొచ్చేవారు. ఆర్గన్‌లో నక్కిన మనిషొకడు ఈ బొమ్మ గొంతుతో వాళ్ళను వెక్కిరించేవాడు, మోటు పాటలు పాడేవాడు. అదే గుడిలో ప్రసంగాలు చేసే గైలర్ ఈ అల్లరి భరించలేక పైవాళ్ళకు ఫిర్యాదు కూడా చేశాడు.

ఇది విని మా పాప, "దేవుడి ముందు అలా వాగొచ్చా అమ్మా?" అంది. అప్పుడు తోలుబొమ్మలాట గురించి చెప్పాను. తెర మీద రామాయణం నడుస్తుంటే మధ్యలో నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క దూరిపోయి చేసే గోల, పెద్దవాళ్ళు కూడా పడీ పడీ నవ్వడం, ఆ గొంతులన్నీ తెర వెనకాల మనుషులవే కావడం.

విదేశాల్లో మనం పిల్లలకు శ్లోకాలు నేర్పిస్తాం, రాముడి గుణాలు చెప్తాం. కేతిగాణ్ణి మాత్రం వదిలేస్తాం, మర్యాదగా ఉండదని. నాకది చాలా పెద్ద లోటు అనిపిస్తుంది. దేవుడి కథలో కూర్చుని కడుపుబ్బ నవ్వే చనువు కూడా మన పిల్లలకు దక్కాల్సిన ఆస్తే కదా! ఫ్రెంచి స్నేహితులతో పాటు రోరాఫ్‌ని చూసి నవ్వే పిల్లకు కేతిగాడు పరాయివాడేం కాదు.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు తోలుబొమ్మలు చేసే ఆంధ్రలోని నిమ్మలకుంట ఊరికి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఈలోగా రాత్రిపూట నేను కథ చెప్తుంటే, మావారు దుప్పటి వెనక నుంచి కేతిగాడై అడ్డు తగులుతున్నారు. పాప ఎంత కావాలంటే అంత ఎదురు చెప్పొచ్చు, కాకపోతే తెలుగులోనే. కేతిగాడికి ఫ్రెంచి రాదు మరి.