మదీనాలో రాయచోటి డ్రైవరు

మదీనాలో జియారత్ (పవిత్ర స్థలాల దర్శనం) బస్సు మీద వచ్చిన కోపం నాకింకా తగ్గలేదు. కదిరిలో బయల్దేరే ముందు ట్రావెల్స్ వాళ్ళు "మదీనాలో అన్నీ చూపిస్తాం" అన్నారు. కుబా మసీదు దగ్గర పావుగంట ఆపారు. ఉహద్ కొండ దగ్గర ఇచ్చిన పది నిమిషాలు పెద్దవాళ్ళు బస్సు దిగి ఎక్కడానికే సరిపోయాయి. ఖిబ్లతైన్ మసీదును కిటికీలోంచే చూపించారు. ఖర్జూరాల దుకాణం ముందు మాత్రం గంటసేపు నిలబెట్టారు. అక్కడ అజ్వా రకం ఖర్జూరాల ధరను రూపాయల్లోకి లెక్కేసుకుని, అమ్మీ చేతిలోకి తీసుకున్న పండును మళ్ళీ తట్టలోనే పెట్టేసింది. ఏళ్ళ తరబడి చీటీలు కట్టి, ఆ డబ్బుతో వచ్చిన మనిషి ఆమె. చిన్నప్పటి నుంచి విన్న చోట్లను నిలబడి చూడాలని వచ్చింది.

మక్కాలో గడిపిన రోజుల గురించి ఇక్కడ రాయను. అది నాకూ అల్లాకూ మధ్య మాట. కానీ అక్కడి నుంచి మదీనాకు వచ్చిన తీరు మాత్రం మనసులో ఉండిపోయింది. హరమైన్ రైలెక్కాం. 450 కిలోమీటర్ల దారి, రెండున్నర గంటలు కూడా పట్టలేదు. ఏసీ బోగీలో కూర్చుని, బయట నల్లటి రాళ్ళగుట్టలు వెనక్కి పరిగెడుతుంటే చూస్తూ అమ్మీ ఒకటే మాట అంది: "ఇదే దారిలో వాళ్ళకు ఎన్ని రోజులు పట్టిందో."

ప్రవక్త ముహమ్మద్ (స: ఆయనపై శాంతి కలగాలనే దీవెన) మక్కా విడిచి మదీనాకు వెళ్ళిన ఈ కథను మా నానీ (అమ్మమ్మ) రంజాన్ రాత్రుల్లో సగం తెలుగులో, సగం ఉర్దూలో చెప్పేది. ప్రవక్త (స) మక్కాలో పదమూడేళ్ళు ఒకే మాట చెప్పారు: దేవుడు ఒక్కడే, ఆయనకు సాటి ఎవరూ లేరు, చనిపోయాక ప్రతి ఒక్కరూ ఆయనకు లెక్క చెప్పాలి, అనాథ సొమ్ము తినకండి, పేదవాడికి అన్నం పెట్టండి. కాబాలో విగ్రహాలను పెట్టుకుని, వాటికోసం వచ్చే యాత్రికుల మీద బతికే ఖురైషు తెగ పెద్దలకు ఇది గిట్టలేదు. బానిస బిలాల్‌ను మండే ఇసుకలో పడుకోబెట్టి ఛాతీ మీద బండ పెట్టారు. 615 ప్రాంతంలో కొందరు ముస్లింలు ఎర్రసముద్రం దాటి అబిసీనియాకు (ఇప్పటి ఇథియోపియా ప్రాంతం) పారిపోయి అక్కడి క్రైస్తవ రాజు నీడన తలదాచుకున్నారు. చివరికి 622లో ప్రవక్తను (స) చంపడానికే మనుషుల్ని పెట్టారు. ఆ రాత్రి ఆయన పడక మీద ఆయనకు తమ్ముడి వరసైన అలీ పడుకున్నారు. తెల్లారాక అలీ వెంటనే ఊరు వదల్లేదు. మక్కావాళ్ళు నమ్మి ప్రవక్త (స) దగ్గర దాచుకున్న సొమ్ములు ఎవరివి వారికి అప్పజెప్పడానికి ఆగారు. ఇక్కడికి వచ్చేసరికి నానీ గొంతు పూడుకుపోయేది. చంపాలని చూసిన ఊరికే ఆయన వాళ్ళ సొమ్ము లెక్క ఒప్పజెప్పించారు కదా!

మక్కాలో సౌర్ కొండను కింది నుంచి చూశాం. అది ఊరికి దక్షిణాన ఉంది. మదీనా ఉత్తరాన. వెతికేవాళ్ళు ఉత్తరం దారి పడతారని తెలిసి, ప్రవక్త (స), ఆయన స్నేహితుడు అబూబకర్ ఎదురు దిక్కుకు వెళ్ళి ఆ కొండ గుహలో మూడు రాత్రులు దాక్కున్నారు. పట్టిస్తే నూరు ఒంటెలు బహుమానం. ఆ తర్వాత దారి చూపినవాడు ఇంకా ఇస్లాంలోకి రాని ఒక ఎడారి మనిషి, అబ్దుల్లా బిన్ ఉరైఖిత్. ఆ బహుమానం తెలిసి కూడా ఆయన మాట తప్పలేదు.

బస్సు మోసానికి ఉక్రోషం పట్టలేక మర్నాడు మేమే కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు ఉర్దూలో నూట ఇరవై రియాల్ అడిగాడు. అమ్మీ నాతో తెలుగులో "ఎనభైకి మించి ఒప్పుకోవద్దు" అంది. అతను వెనక్కి తిరిగి, "మీరు మనోళ్ళేనా? యా ఊరు ఖాలా?" అన్నాడు. కదిరి అనగానే స్టీరింగ్ మీద చరిచాడు. "మాది రాయచోటి!" ఇక బేరం ఎనభై దగ్గరే ఆగిపోయింది, ఆ రోజు ఎంతసేపు తిప్పాడో లెక్క చూసుకోలేదు.

ముందు కుబాకు తీసుకెళ్ళాడు. మదీనా చేరేముందు ప్రవక్త (స) ఆగిన ఊరది. ఇస్లాంలో కట్టిన మొదటి మసీదు అక్కడే. ఇప్పుడున్నది తెల్లటి గుమ్మటాల పెద్ద కట్టడం. అమ్మీ తొందరలేకుండా రెండు రకాత్‌ల నమాజు చదువుకుని, స్తంభానికి ఆనుకుని చాలాసేపు కూర్చుంది. అక్కడి నుంచి ఖిబ్లతైన్. మదీనాకు వచ్చాక దాదాపు ఏడాదిన్నర పాటు జెరూసలేం వైపు తిరిగి నమాజు చేశారు. హిజ్రీ (మక్కా విడిచిన ఏడాది నుంచి వేసే లెక్క) 2వ సంవత్సరంలో కాబా వైపు తిరగమని ఆజ్ఞ వస్తే, ఈ మసీదులో నమాజు మధ్యలోనే అందరూ దిక్కు మార్చుకున్నారని చెబుతారు. రంజాన్ ఉపవాసాలు విధిగా మారింది కూడా ఆ ఏడాదే. నమాజుకు పిలిచే అజాన్ మొదలైందీ మదీనాలోనే. జనాన్ని పిలవడానికి బూర ఊదాలా, గంట కొట్టాలా అని మాటలు నడిచి, చివరికి మనిషి గొంతే బాగుందనుకున్నారు. ఆ గొంతు బిలాల్‌ది. ఛాతీ మీద బండ మోసిన ఆ మనిషిదే.

మధ్యాహ్నం ఉహద్ చేరాం. ఎండ నడినెత్తిన ఉంది. 625లో మక్కా సైన్యం దాడికి వచ్చినప్పుడు విలుకాళ్ళను నిలబెట్టిన గుట్ట ఎదురుగానే ఉంది. ఇంత చిన్నదని నేననుకోలేదు. కదలవద్దని చెప్పినా, గెలిచేశామనుకుని ఎక్కువమంది కిందికి దిగారు. వెనక నుంచి గుర్రాలొచ్చాయి. డెబ్భైమంది దాకా చనిపోయారు. వాళ్ళ సమాధుల ఆవరణ చుట్టూ కంచె ఉంది. పేర్లు రాసిన రాళ్ళేమీ లేవు, అంతా మట్టి.

కంచె దగ్గర డ్రైవరు ఆగి, "ఈడ హజ్రత్ సాద్ బిన్ రబీ ఉన్నారు ఖాలా, తెలుసునా?" అన్నాడు. అమ్మీకి తెలియదు. అతనే చెప్పాడు. మక్కా నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళను మదీనావాళ్ళతో జత చేసి ప్రవక్త (స) అన్నదమ్ముల్ని చేశారు. సాద్ మదీనాలో ఆస్తిపరుడు. ఆయనకు తమ్ముడిగా వచ్చినవారు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్. "నా ఆస్తిలో సగం నీది" అన్నారు సాద్. అబ్దుర్రహ్మాన్ ఆయనను దీవించి, "బజారు ఎక్కడుందో చూపించు, చాలు" అన్నారు. నెయ్యి, ఎండిన జున్ను అమ్మడంతో మొదలుపెట్టి పెద్ద వర్తకుడయ్యారు.

"నేనొచ్చిన కొత్తల్లో నాకెవరు ఖాలా సగం ఆస్తి ఇచ్చేది? నిజామాబాదాయన ఒకడు, ఉండేదే ఇరుకు రూము, తన పక్కన పరుపేసుకోమన్నాడు. పని యాడ దొరుకుతాదో చూపించినాడు. అంతకంటే ఏం గావాల మనిషికి?" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ తీసి కూతురి ఫోటో చూపించాడు. పాపకు నాలుగేళ్ళు. అతన్ని ఇంతవరకు ఫోన్లోనే చూసిందట.

మా ఇంటి గోడ మీది ఉర్దూ క్యాలెండర్ గుర్తొచ్చింది. ప్రవక్త (స) తర్వాత పాలించిన ఖలీఫాల్లో ఒకరైన ఉమర్ కాలంలో ఏళ్ళ లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ప్రవక్త (స) పుట్టిన ఏడాది ఉంది, హిరా గుహలో మొదటి వహీ (దైవవాణి) దిగిన 610 ఉంది, మక్కా చేతికొచ్చిన 630 ఉంది. అవేవీ కాదని ఊరు విడిచిన ఏడాదిని ఒకటిగా పెట్టుకున్నారు. ఈ సంగతి నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఉహద్ ఎండలో, కూతురి ఫోటో పట్టుకున్న ఆ డ్రైవరు పక్కన నిలబడ్డాక అది ఎంత సరైన నిర్ణయమో అర్థమైంది. ఊరు విడవడమంటే ఏమిటో వాళ్ళందరూ అనుభవించినవాళ్ళే.

తిరిగొస్తూ దారంతా మాట్లాడుతూనే ఉన్నాం. ప్రవక్త (స) మదీనాలో అడుగుపెట్టినప్పుడు మొదట ఇంట్లో చోటిచ్చిన అబూ అయ్యూబ్ అన్సారీ, ముసలితనంలో కాన్‌స్టాంటినోపుల్ మీదికి వెళ్ళిన సైన్యంతో పోయి అక్కడే చనిపోయారు. ఆ ఊరే ఇప్పటి ఇస్తాంబుల్; అక్కడ ఒక పేటకే ఆయన పేరుంది. మదీనా ఆడబిడ్డ ఉమ్మె హరామ్ భర్తతో కలిసి సముద్రం దాటి సైప్రస్‌లో వాహనం మీద నుంచి పడి కన్నుమూశారు. ఆమె సమాధి లార్నకా ఉప్పుచెరువు పక్కన ఉంది. 632లో ప్రవక్త (స) కన్నుమూశాక ఇరవై ఏళ్ళు తిరిగేసరికి సిరియా, ఈజిప్టు, ఇరాక్, ఇరాన్‌లో చాలా భాగం ఖలీఫాల కిందికి వచ్చాయి. అది సైన్యాలు చేసిన పని. అక్కడి జనం ఇస్లాంలోకి రావడం మాత్రం నెమ్మదిగా, తరాల తరబడి జరిగింది. కేరళ తీరానికైతే మిరియాల కోసం వచ్చే ఓడలవాళ్ళతో వచ్చింది. స్కూల్లో చదువుకున్న పటంలో రంగు వేసి చూపించే బాణం గుర్తుల కంటే, ఎక్కడో పరాయి నేలలో ఉన్న ఈ సమాధులే నాకు ఆ చరిత్రను దగ్గర చేస్తాయి.

ఖర్జూరాలు అతనే ఇప్పించాడు, బస్సువాళ్ళు ఆపిన దుకాణం కంటే బాగా తక్కువకు. అమ్మీ రెండు కిలోలు కొనుక్కుంది. అతను ఇంకో కిలో తీసుకుని విడిగా కట్టించి, రాయచోటిలో వాళ్ళమ్మకు ఇవ్వగలరా అని మొహమాటంగా అడిగాడు. అమ్మీ అక్కడికక్కడే ఆమెకు వీడియో కాల్ చేయించింది. ఇద్దరు ముసలివాళ్ళు మోకాళ్ళ నొప్పుల గురించి, ఈ ఏడు వానల గురించి, పాప ఎత్తు గురించి మాట్లాడుకున్నారు. విమానంలో సామాను బరువు ఎక్కువైతే అమ్మీ తన దుప్పటి తీసి పక్కన పడేసింది గానీ ఆ పొట్లం కదల్చనివ్వలేదు. రాయచోటికి వచ్చే ఆదివారం వెళ్తున్నాం.