ఎదురింటి ఆంటీ, అమ్మ మోకాళ్లు

అమ్మ సింగపూర్ వచ్చి ఆరు నెలలైంది, ఇక్కడ ఆవిడకున్న ఒకే ఒక్క స్నేహితురాలు ఎదురింటి చైనీస్ ఆంటీ. ఒకరి భాష ఒకరికి రాదు, మోకాళ్ల నొప్పులే ఇద్దరినీ కలిపాయి.

ఆవిడే పట్టుబట్టి టో పాయోలో ఒక చైనీస్ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. ఇక్కడ వాళ్లకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి నేనూ సరే అన్నాను, అమ్మ మందుల చీటీ ముందే చూపించాను. ఆయన రెండు చేతుల నాడీ చూసి నాలుక చాపమంటే అమ్మ సిగ్గుపడిపోయింది. మోకాలి చిప్పకి నాలుగు వేళ్ల కింద, కాస్త బయటివైపు, ఆ చోటుని జుసాన్లీ అంటారట, అక్కడ సూది పెట్టారు. "చీమ కుట్టినట్టుందే" అంది, అంతే.

నొప్పి పోయిందా అంటే లేదు. మెట్ల మీద మూలుగు మాత్రం తగ్గింది, సూదుల వల్లో ఆంటీ కబుర్ల వల్లో మరి.

అసలు టెన్షన్ సూప్‌తో వచ్చింది. ఆంటీ ప్రేమగా గోజీ పళ్లు, డాంగ్‌గ్వే వేరు వేసి కాచి తెచ్చింది. అమ్మేమో గుండె వాల్వ్ మార్చినప్పటి నుంచి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు మీద ఉంది, ఆ రెండూ దానితో కలిస్తే బ్లీడింగ్ ప్రమాదం. ట్యాబ్లెట్ డబ్బా చూపించి వద్దన్నాను, చిన్నబుచ్చుకుంటుందేమో అనుకుంటూనే.

మర్నాడు ఎండాకుల కట్టతో వచ్చి, వేడినీళ్ల బకెట్‌లో వేసి అమ్మ పాదాలు పెట్టించింది. అమ్మ వాసన చూసి, "ఒసేయ్, ఇది మన వినాయక చవితి మాచిపత్రిలా ఉందే!"