కాలు తీస్తే ఊరుకుంది

బండి బాగైంది. అయినా నిద్ర రావట్లేదు. ఇందాక ఆర్‌సీ కోసం డ్యాష్‌బోర్డు అర తెరిస్తే మూడు బిల్లులు కనబడ్డాయి, మూడూ వీల్ బ్యాలెన్సింగ్‌వే. అప్పటి నుంచి మనసు అక్కడే తిరుగుతోంది.

నెలన్నరగా నా కారు మెహదీపట్నంలో ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు ఎక్కేటప్పుడు వణుకుతూ ఉండేది. మూడో గేర్లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చాలు, సీటు కింద దడదడ. ఒకసారి పైకెక్కాక ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్ల పైమాటే. పక్కకి తీసి ఆపుకోవడానికి ధైర్యం చాలదు. చిన్నది వెనక సీట్లో ఉన్న రోజున ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నడిపాను.

సర్వీస్ సెంటర్‌కి మూడుసార్లు తీసుకెళ్ళాను. మూడుసార్లూ ఒకటే మాట, "బ్యాలెన్సింగ్ చేశాం మేడమ్, ఇంక రాదు." చక్రం అన్నివైపులా సమంగా తూగేలా రిమ్ములకి చిన్న చిన్న బరువులు అంటించి, 800 చొప్పున తీసుకుని పంపారు. ఒక్కసారి కూడా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూడలేదు. మూడోసారైతే నేను ఎదురుగా నిలబడి ఉండగానే ఆ కుర్రాడు మా ఆయనకి ఫోన్ చేశాడు. "సార్‌కి చెప్తాం మేడమ్." కారు నా పేరు మీద ఉంది. రోజూ శంషాబాద్ దాకా నడిపేది నేను. ఈయన ఆ కారు ముట్టుకుని ఆరు నెలలైంది, పాపం "ఆవిడనే అడగండి" అన్నారు కూడా. ఫోన్ పెట్టేశాక వాళ్ళు నన్నేమీ అడగలేదు, బిల్లు చేతికిచ్చారు. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

ఆ రోజు ఇంటికొస్తుంటే నాన్న స్కూటర్ గుర్తొచ్చింది. 1994, నేను ఎనిమిదో తరగతి. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుణ్ణి నిలబెట్టి రెండేళ్ళు కాలేదింకా. ట్యాంక్‌బండ్ మీద స్కూటర్ గుక్కపట్టి ఆగిపోయింది. నాన్న పక్క డొప్ప తీసి, ప్లగ్గు విప్పి, చెయ్యి కాలకుండా చేతిరుమాల్లో పెట్టి నాకిచ్చారు. "చూడు, మొన కాఫీపొడి రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. మసిబారితే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. తెల్లగా పాలిపోతే లోపల వేడి ఎక్కువైనట్టు." అది నల్లగా ఉంది. గరుకు కాగితంతో రుద్ది, ఉఫ్ అని ఊది, మళ్ళీ బిగించారు. సాగర్ నీళ్ళ వాసన, పెట్రోలు వాసన, నాన్న చొక్కా చెమట వాసన, మూడూ కలిసి నాకిప్పటికీ గుర్తే. రెండో కిక్కుకి స్టార్టయింది. బయల్దేరుతూ అన్నారు, "బండి ఎప్పుడు ఏడుస్తుందో అందరూ చూస్తారమ్మలూ. ఎప్పుడు ఊరుకుంటుందో అది చూడాలి."

నాకు ప్లగ్గు రంగే గుర్తుండిపోయింది, ఆ చివరి మాట కాదు. అందుకే నాలుగు ప్లగ్గులూ మార్పించాను. విప్పిన నాలుగూ చక్కటి కాఫీపొడి రంగులోనే ఉన్నాయి. ఇంజిన్లో పెట్రోలు సరిగ్గా మండకపోతే మామూలుగా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా తడబడుతుంది, మీటర్లో ఇంజిన్ లైటు వెలుగుతుంది. నా కారులో ఆ రెండూ లేవు. అయినా మార్పించాను. మర్నాడు ర్యాంపు మీద అదే వణుకు.

ఇవాళ పొద్దున అత్తాపూర్‌లో ఒక షెడ్డుకి వెళ్ళాను. పెద్దాయన పక్క సీట్లో కూర్చుని "పోనీ అమ్మా" అన్నాడు. వణుకు మొదలవగానే "ఇప్పుడు కాలు తియ్యి" అన్నాడు. తీశాను. టక్కున ఊరుకుంది. మళ్ళీ తొక్కమన్నాడు, వణికింది. తీయమన్నాడు, ఊరుకుంది. స్పీడు 60 దగ్గరే ఉంది, పెద్దగా తగ్గలేదు.

"టైరుదైతే నీ కాలు సంగతి దానికేం ఎరుక? ఆ స్పీడుకి వస్తే తొక్కినా తీసినా ఊగుతది. ఇది యాక్సిల్‌ది."

జాకీ ఎక్కించి ఎడమవైపు యాక్సిల్, అంటే ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే కడ్డీ, దించాడు. గేర్‌బాక్సు పక్కనుండే లోపలి జాయింటు, దాని మీది రబ్బరు తొడుగు, బూటు అంటారు, క్లిప్పు దగ్గర చీలింది. గ్రీజంతా చిమ్మి గేర్‌బాక్సుకి నల్లగా అట్టకట్టింది. గిన్నెలాంటి దాంట్లో మూడు గాళ్ళు, వాటిలో మూడు రోలర్లు. నా చెయ్యి పట్టి గాడిలో గోరు పెట్టించాడు. అద్దంలా ఉండాల్సిన చోట గోరు ఆగింది. ఒక సన్నటి గుంట, రోలరు అక్కడే రుద్దుకుని రుద్దుకుని తినేసిన గుంట. ఇంజిన్ బలం పడ్డప్పుడు రోలర్లు ఆ గుంటల్లో ఇరుక్కుంటాయి, సాఫీగా జరగలేక యాక్సిల్‌ని పక్కకి తోస్తాయి. బలం పోతే ఒదిలేస్తాయి. రాణీగంజ్ నుంచి జాయింటు తెప్పించి సాయంత్రానికి బిగించాడు, మొత్తం 4,200. వచ్చేటప్పుడు ర్యాంపు మీద మూడో గేర్లో బాగా తొక్కాను. ఏమీ లేదు, చల్లగా ఎక్కేసింది. చిన్నది నిద్రపోయింది కూడా.

ఇంతవరకూ రాసి, సర్వీస్ సెంటర్ వాళ్ళని గట్టిగా తిడదామని ఆ బిల్లులు మళ్ళీ ముందేసుకున్నాను. మొదటిదాని మీద కంప్లైంట్ అన్నచోట "స్టీరింగ్ వణుకుతోంది" అని ఉంది. ఆ మాట నేను చెప్పిందే. తొక్కితేనే వస్తుందని చెప్పలేదు, ఆ సంగతి నేనూ అప్పటికి గమనించలేదు. స్టీరింగ్ వణుకుతోందంటే ఎవరైనా ముందు బ్యాలెన్సింగే చూస్తారు. కాబట్టి మొదటి 800 గురించి నాకిప్పుడు కోపం లేదు.

రెండోదీ మూడోదీ మాత్రం వదల్లేను. వచ్చిన మనిషే మళ్ళీ అదే బాధతో వస్తే ఒక్క ప్రశ్న అడగాలి కదా, "ఎప్పుడొస్తోంది మేడమ్?" అని. ఆ ప్రశ్న సార్‌ని కాదు, నన్ను.

పాత జాయింటు ఇంటికి తెచ్చుకున్నాను, పేపర్లో చుట్టి బాల్కనీలో ఉంది. ఆదివారం నాన్న వస్తారు, ఆయన వేలితో ఆ గాడి తడిమించాలి. కుడివైపు బూటుకి కూడా సన్నగా పగుళ్ళున్నాయట, దసరా లోపు మార్పించుకోమన్నాడు పెద్దాయన. గోట్లో గ్రీజు శనగపిండికి కూడా పోలేదు.