షర్లీలో కాసేపు

శనివారం కదా అని పాత రూట్ 66 హైవే మీద బ్లూమింగ్టన్ నుంచి ఫంక్స్ గ్రోవ్‌కి వెళ్ళి మేపుల్ సిరప్ తెచ్చుకున్నాం. ఇల్లినాయ్‌లో చెరకు పానకం దొరకదు, మా ఇంట్లో దిబ్బరొట్టెలోకి ఇదే పానకం. దాదాపు నలభై లీటర్ల చెట్టు రసం కాస్తేగానీ ఒక్క లీటరు దిగదు, అందుకే ఆ ధర.

వచ్చేటప్పుడు దారిలో షర్లీ అనే చిన్న ఊళ్ళో ఆగాం. పట్టాల పక్కన ధాన్యం ఎలివేటర్, అంటే గింజలు నిల్వచేసే ఎత్తైన గోదాము, కొన్ని ఇళ్ళు, ఆ తర్వాత మళ్ళీ పొలాలే. "నాన్నా, ఈ ఊరికి మేయర్ ఎవరు?" అంది అమ్మాయి. ఎవరూ లేరమ్మా అన్నాను. షర్లీకే కాదు, ఫంక్స్ గ్రోవ్‌కీ పడమర ఉన్న కోవెల్‌కీ కూడా సొంత మున్సిపాలిటీ లేదు. రోడ్డు మీద మంచు తీయడం టౌన్‌షిప్ పని, పోలీసు కావాలంటే మన జిల్లాలాంటి కౌంటీ నుంచి షెరిఫ్ రావాలి.

టౌన్‌షిప్ అంటే కౌంటీలో ఓ ముక్క, మామూలుగా ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు, లోపల చదరపు మైలు చొప్పున 36 సెక్షన్లు, అంతా సర్వేవాళ్ళు గీసిన గళ్ళు. ఆ గళ్ళని లెక్కచేయకుండా 1853లో రైలు పట్టా ఐమూలగా వచ్చింది. రైతు గుర్రపు బండిలో మొక్కజొన్న తెచ్చి దించి చీకటి పడేలోపు ఇల్లు చేరాలి కాబట్టి కొన్ని మైళ్ళకో స్టేషను, స్టేషను చుట్టూ ఓ చిన్న ఊరు. తర్వాత లారీలొచ్చాయి, హైవే వచ్చింది, ఇప్పుడు ఆమ్‌ట్రాక్ ప్రయాణికుల రైలు గంటకు 110 మైళ్ళ దాకా వేగంతో ఆగకుండా దూసుకుపోతుంది. నేను స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళేది ఆ రైల్లోనే, కిటికీ పక్కనే కూర్చున్నా షర్లీ రెప్పపాటులో దాటిపోతుంది.

ఇలాంటి ఊళ్ళని చచ్చిపోయిన ఊళ్ళంటారు చాలామంది, నేను ఒప్పుకోను. మేం చూస్తుండగానే ఓ లారీ కాటా ఎక్కింది, నిరుడు కోసి దాచిన మొక్కజొన్న. కంకర మీద రాలిన గింజల్ని పిట్టలు ఏరుకుంటున్నాయి. ఆ లారీ పెద్దాయన స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళు లేపి పలకరించాడు, దిగాక మాది ఏ ఊరని అడిగాడు. బ్లూమింగ్టన్ అని చెప్పి, మీది కూడానా అన్నాను. కాదు, షర్లీ అన్నాడు, వెంటనే, గట్టిగా. ఆ మాట నాకు ఎంత నచ్చిందో.