ఘాట్ ఎక్కలేని నా 1613

మాది టాటా 1613 లారీ, టర్బో (ఇంజన్‌లోకి గాలి ఎక్కువ తోసే పరికరం) లేని పాత బండి. నాన్న తోలి తోలి నాకిచ్చాడు. ఆత్మకూరు వైపు నుంచి గుంటూరు యార్డుకి మిర్చి, తిరుగు లోడుకి ఎరువుల బస్తాలు. నల్లమలలో ఎక్కుడు వస్తే చాలు, రెండో గేరు దాటేది కాదు. వెనకాల బస్సులవాళ్ల హారన్లు వినలేక చచ్చేవాణ్ణి. రాత్రయితే అడవి గేటు వేసేస్తారు కదా, బండి లాగక ఆలస్యమై దోర్నాల దగ్గర తెల్లవార్లూ పడుకున్న రోజులున్నాయి.

రోడ్డు పక్క మెకానిక్ ఒకతను "పంపు పెంచితే సరిపోద్దన్నా" అన్నాడు. మూడొందలు తీసుకుని, ఇంజన్‌కి డీజిల్ కొలిచి పోసే పంపు సీలు తెంపి, డీజిల్ ఎక్కువ పోయేలా స్క్రూ తిప్పాడు. రెండు రోజులు బండి గుర్రంలా పోయింది. తర్వాత నల్ల పొగ. వెనకొచ్చేవాళ్లకి రోడ్డే కనపడనంత పొగ. మైలేజీ లీటరుకి నాలుగున్నర కిలోమీటర్ల నుంచి మూడున్నరకి పడింది. చివరికి బైర్లూటి దాటాక ఎక్కుడులో రేడియేటర్ మరిగి, ఇంజన్ హెడ్డు కింద ఉండే గ్యాస్కెట్ పోయింది. మిర్చి వేరే లారీలోకి మార్పించి, బండిని లాగించుకుని విజయవాడ ఆటోనగర్ చేరేసరికి ఆ నెల సంపాదనంతా హరీ.

ఆటోనగర్లో నాన్నకి తెలిసిన ముసలి మేస్త్రీ ఉన్నాడు. టర్బో వేయించాలని ఉంది బాబాయ్ అన్నాను. నవ్వాడు. "1613లో 16 అంటే బండీ లోడూ కలిపి పదహారు టన్నులు. 13 అంటే నూటముప్పై హార్స్ పవర్. అది పుట్టినప్పటి లెక్క అబ్బాయ్. ఇప్పుడు అందులో ఎంత మిగిలిందో చూడనీ ముందు."

అయినా నేను ఊరుకోలేదు, బేరాలు చూసొచ్చాను. పాత టర్బో ఇంజన్ లక్షా అరవై వేలు చెప్పారు. ఇంజన్ మారిస్తే ఆర్టీవో అనుమతి తీసుకోవాలి, ఆర్సీలో ఇంజన్ నంబరు మార్పించుకోవాలి. లేకపోతే ఎఫ్‌సీకి, అంటే బండి ఫిట్‌నెస్ పరీక్షకి, వెళ్లినప్పుడు నంబరు చూసి బండి పక్కన పెట్టిస్తారు, ఇన్సూరెన్సుకీ తంటానే. పోనీ ఉన్నదానికే టర్బో తగిలిద్దామంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. టర్బో ఇంజన్‌కి పిస్టన్లే వేరట. మామూలు ఇంజన్లోకి గాలి ఎక్కువ తోసి, దానికి తగ్గట్టు డీజిలూ పోస్తే ఆ వేడికీ ఒత్తిడికీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. పంపు స్క్రూ విషయంలో జరిగింది దీనికి తిరగేసిన బాపతు: గాలి అంతే ఉంది, డీజిల్ పెరిగింది. కాలని డీజిల్ పొగైంది, వేడి హెడ్డు మీద పడింది.

ఇంజన్ దించారు. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), అందుకే దీన్ని 697 అంటారని మేస్త్రీ చెప్పాడు. గేజి పెట్టి కొలిస్తే రెండు సిలిండర్లు పైభాగంలో బాగా అరిగి ఉన్నాయి. పూర్తిగా బోరుకొచ్చింది, అంటే సిలిండర్లు తొలిపించాల్సిందే. పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంకు మాత్రం కొలతలో ఉండటంతో గ్రైండింగ్ ఖర్చు తప్పింది, బేరింగులు మార్చి వదిలేశాం. వాల్వులు కూడా కొత్తవి కొనలేదు, సరిగ్గా మూసుకునేలా సీటింగ్ చేయించి వాటినే వేశాం.

నాకు నిజంగా కళ్లు తెరుచుకున్నది పంపు షాపులో. పంపుని బెంచి మీద బిగించి తిప్పుతుంటే ఆరు లైన్ల డీజిల్ ఆరు గాజు గొట్టాల్లో పడుతుంది. ఒక గొట్టం నిండుతోంది, పక్కది సగమే. అంటే ఒక సిలిండర్‌కి విందు భోజనం, ఇంకోదానికి పస్తు! సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్‌లో రెండు మంచులా చిమ్మాల్సింది పోయి చుక్కలు కారుస్తున్నాయి. పంపులో డీజిల్ తోసే ఎలిమెంట్లు, నాజిల్స్ మార్చి ఆరింటినీ సమానం చేశారు. దీనికి పద్నాలుగు వేలైంది. మొత్తం ఖర్చులో నేను ఏడవకుండా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

ఎయిర్ ఫిల్టర్ గొట్టం చూసి మాత్రం సిగ్గేసింది. లోపలి పొర ఊడి, ఇంజన్ గాలి పీల్చినప్పుడల్లా ముడుచుకుపోతోంది. కొత్తది ఆరొందలు. ఎన్నేళ్లుగా ఊపిరాడకుండా తోలానో.

లైనర్లు (సిలిండర్ లోపలి తొడుగులు), పిస్టన్లు, లేత్ పని, గ్యాస్కెట్లు, కూలీ అన్నీ కలిపి తొంభై రెండు వేలు. పన్నెండు రోజులు బండి కదల్లేదు. తర్వాత కొత్త భాగాలు సర్దుకునేదాకా రెండు వేల కిలోమీటర్లు సగం లోడుతో, రేసు ఎక్కువ ఇవ్వకుండా తోలమన్నాడు. కిస్తీ నెత్తిన పెట్టుకుని సగం లోడు తోలడం ఎంత టెన్షనో బండి ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మధ్యలో ఒకసారి వెళ్లి హెడ్ బోల్టుల బిగువు, వాల్వుల ట్యాపెట్లు సరిచూపించుకున్నాను.

మొదటి ఫుల్ లోడు మిర్చే. ఘాట్‌లో ఎక్కువ దూరం మూడో గేర్లోనే ఎక్కింది, రెండు మలుపుల దగ్గర మాత్రం రెండోది వేశాను. పొగ లేదు, మైలేజీ ఐదుకి దగ్గరగా వస్తోంది. టర్బో బండ్లు ఇప్పటికీ నన్ను దాటుకుని పోతూనే ఉన్నాయి, సైడిచ్చి పంపిస్తున్నాను. పంపుకి ఈసారి వేసిన సీలు తీగని అప్పుడప్పుడు తడిమి చూసుకుంటాను, ఎవడైనా తెంపాడేమోనని.

ఇంజన్‌కి బలమొచ్చాక మొన్న ఎక్కుడులో కొత్త వాసనొకటి తగిలింది. రేసు పెరుగుతోంది కానీ బండి అంత ముందుకు పోవట్లేదు. పాత క్లచ్ ప్లేటు జారుతోంది. మేస్త్రీకి ఫోన్ చేస్తే, "నాకు తెలుసులే, అప్పుడే చెబితే నువ్వు పారిపోయేవాడివి" అన్నాడు.