కొత్త పోరడు రేపు కూడ రావాలె

"ఏం కాదు బిడ్డా, ఇంకోటి ఎయ్యి" అనుకుంట సారు నెట్టు ఇవతలికొచ్చి షటిల్ ఆ పోరని చేతిల పెట్టేదాక కోర్టుల సప్పుడు లేదు.

ఆ పోరడు ఇయ్యాల పొద్దుగాల హన్మకొండల మా షటిల్ బ్యాచ్‌కు కొత్తగ ఒచ్చిండు. ప్రాక్టీస్‌ల వరసగ మూడు సర్వీసులు నెట్టుకే తాకినయ్, మాల ఒకాయన గట్టిగ నవ్విండు, ఇంకొకాయన "డబుల్స్‌ల ఈయనను ఎవలు ఏసుకుంటరు" అన్నడు. పోరడు ఊడిపోతున్న గ్రిప్ టేపును బొటనవేలుతోని ఒత్తుకుంట నిలవడ్డడు, తల ఎత్తలే.

సారుకు 60 దాటినయ్. సర్వీస్ చేసినోళ్లకే పాయింట్ ఒచ్చే కాలం నుంచి ఆడుతుండు. 2006ల 21 పాయింట్ల పద్ధతి ఒచ్చినంక ప్రతి ర్యాలీకి పాయింటే, సర్వీస్ తప్పితే సీదా ఎదుటోళ్లకు పోతది, కొత్తోళ్లకు గందుకే మస్తు భయమైతది.

"నా పార్ట్‌నర్ ఈయనే" అన్నడు సారు.

21-9 ఓడిండ్రు. ఆ తొమ్మిదిట్ల ఒకటి పోరడు ఏసిన డ్రాప్, నెట్టును ఒరుసుకుంట అవతల పడ్డది, పొద్దుగాల నవ్వినాయనే ముందుగాల చప్పట్లు కొట్టిండు.

నేను నవ్వలే, కని అడ్డం కూడ చెప్పలే. గదే మనసుల గుచ్చుతుంది. నేను కొత్తగ ఒచ్చిన రోజు ఎవలో ఒకలు షటిల్ అందియ్యకుంటే రెండో రోజు పొయ్యేటోన్నే కాదు.

గ్రూపుల మెసేజ్ పెట్టిన, రేపు మొదటి గేమ్ నేను, ఆ పోరడు ఒక జట్టు. ఎవలకాడన్న కొత్త గ్రిప్ టేపు ఉంటే తీస్కరాండ్రి.